బాయిలర్ బూడిద

“బూడిద తెస్తవా?” అని అడిగాను.

“తెస్తనే. ఏడికి పోతది?” అన్నాడు ఆయన. “విమానమోల్లు ఆపి గిదేందిరా అంటే, మా ఇంటిది అడిగిందని సెప్త.”

“అంగి జేబుల ఏస్కోకు, కాలుతది.”

“సల్లారినంకనే తెస్త తియ్. ఇగ పెడుతున్న, బువ్వకు పిలుస్తున్నరు.”

మా ఇద్దరి మధ్య ఫోన్లో నడిచిన ఆఖరి మాటలు ఇవే. నేను బోధన్‌లో మా ఇంటి ముందర బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆయన ఇరాక్‌లో ఒక చక్కెర మిల్లు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. యుద్ధంలో బాంబు పడి పాడైన మిల్లు అది. దాన్ని మళ్ళీ నడిపించడానికి పిలిపించుకున్న పనివాళ్ళలో ఆయన ఒకడు. మర్నాడు పొద్దున్నే ఆ మిల్లు బట్టీ కిందనే చనిపోయాడు.

ఇది రాస్తున్నది నా కొడుకు. నాకు చదువు రాదు. బీడీ కార్ఖానాలో సంతకం అడుగుతారని నా పేరు గీయడం ఒక్కటే నేర్చుకున్నాను, అది కూడా వంకరగానే వస్తుంది. నేను నా మాటలో చెబుతుంటే వాడు పుస్తకాల మాటలోకి మార్చి రాస్తున్నాడు. పోనీ, రాసుకోనీ. మనుషులు మాట్లాడిన మాటలు మాత్రం మాట్లాడినట్టే పెట్టమన్నాను. వాటిని ఇస్త్రీ చేస్తే ఊరుకోనని చెప్పాను.

రేపు పొద్దున వీడు కూడా పోతున్నాడు. నిన్నటి దాకా నాతో చెప్పింది వేరే ఊరు, వేరే కంపెనీ, పైపులు బిగించే ఫిట్టర్ పని. ఇవాళ పొద్దున వాడి బ్యాగులో పచ్చడి డబ్బా పెడదామని చెయ్యి పెడితే, తువ్వాలలో చుట్టిన చిన్న మట్టి గురిగి తగిలింది. నా పొయ్యి పక్కన ఏళ్ళ నుంచి ఉన్న గురిగి. మా బాయిలర్ బూడిద ఉన్న గురిగి. ఫిట్టర్ పనికి పోయేవాడికి బూడిద ఎందుకు? అప్పుడే అర్థమైంది, వీడు పోతున్నది ఆ మిల్లుకే, ఆ బట్టీ దగ్గరికే. అందుకే కూర్చోబెట్టాను. పెన్ను తీసుకో, నేను చెప్పింది రాయి, రాసిన తర్వాత మాట్లాడు అన్నాను.

రాయి. తల దించుకుంటే అక్షరాలు కనబడవు అనుకుంటున్నావా? రాసేటప్పుడు అందరి తలా దిగే ఉంటుంది.

బూడిద సంగతి తెలియనివాళ్ళకు చెప్పాలి. చక్కెర మిల్లు ఏడాదంతా నడవదు. చెరకు ఉన్నన్ని నెలలు నడిచి, ఎండలు ముదిరే వేళకు ఆగుతుంది. బాయిలర్ కింద మంట మండే చోటును మావాళ్ళు బట్టీ అంటారు. చెరకు పిప్పే దానికి తిండి. సీజన్ అయిపోయి బట్టీ చల్లారితే దాని కింద గుంతలో ఆఖరి బూడిద మిగులుతుంది. దాన్ని అట్లాగే ఉంచుతారు. మళ్ళీ చెరకు బండ్లు వచ్చే వేళకు, కొత్త మంట ముట్టించే రోజు పొద్దున, బట్టీ దగ్గర పనిచేసేవాళ్ళలో పెద్దవాడు స్నానం చేసి ఆ గుంతలోకి దిగుతాడు. పార పట్టుకోకూడదు. రెండు చేతులతోనే పాత బూడిదను ఎత్తి పైకి తెస్తాడు. కొంచెం బట్టీ నోటికి బొట్టులాగా పెడతారు, కొబ్బరికాయ కొడతారు, ఆ తర్వాతే నిప్పు. దిగినవాడు ఒక పిడికెడు బూడిద ఇంటికి తెస్తాడు. ఇంటామె దాన్ని గురిగిలో పోసి పొయ్యి పక్కన పెట్టి, పోయిన ఏటి బూడిదను చెరకు మడిలో చల్లుతుంది. మా మిల్లు వాడలో ఆ గురిగి ఉన్న ఇల్లంటే ఒక మర్యాద. దీపావళికి ఎవరింట్లో పొయ్యి కొత్తగా వేసినా నా దగ్గరికి వచ్చి చిటికెడు అడిగి తీసుకుపోయేవాళ్ళు.

మా మామ ఆ పనే చేసేవాడు. నేను కోడలిగా వచ్చిన కొత్తలో, సీజన్ నడుమ, పని మీదనే గుండె ఆగి పోయాడు. ఆ రోజు మిల్లు సైరన్ వేళకాని వేళలో మోగింది. సీజన్‌లో మనిషి పోతే అట్లా మోగించడం పద్ధతి. వాడంతా పనులు ఆపి వాకిళ్ళలోకి వచ్చి నిలబడింది. ఆ తర్వాత మామ జాగా మా ఆయనకు వచ్చింది. తండ్రి పోతే ఆ జాగాలో కొడుకు. ఎవరూ దాన్ని గొప్ప అనుకోలేదు, దయ అని కూడా అనుకోలేదు. ఇంటి పేరు వచ్చినట్టే అది వస్తుంది అనుకున్నారు. ఈ ఒక్క అలవాటు నా ఇంటిని ఎక్కడిదాకా తెచ్చిందో చూడండి.

తర్వాత మా మిల్లు ఆగిపోయింది. బాంబు పడలేదు. ఏ దేశం వచ్చి మా మీద పడలేదు. ఒక ఎండాకాలం బట్టీ చల్లారింది, మళ్ళీ చెరకు కాలం వచ్చినా ముట్టించలేదు, అంతే. గేటుకు తాళం. పనివాళ్ళు గేటు ముందర టెంటు వేసుకుని కూర్చున్నారు. తెరుస్తారు అన్నారు. వచ్చే సీజన్‌కు తెరుస్తారు అన్నారు. ఓట్లు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు కారు దిగి ఆ గేటుకు దండ వేసి పోయేవాడు. దేవుడికి వేసినట్టు వేసేవాళ్ళు, సిగ్గు లేకుండా. చనిపోయినవాళ్ళ ఫొటోకు కూడా దండే వేస్తారని మాకు అప్పుడు తట్టలేదు.

మహారాష్ట్ర వైపు నుంచి చెరకు కొట్టేవాళ్ళు ఎడ్ల బండ్లు కట్టుకుని, పిల్లాపాపలతో వచ్చి గుడిసెలు వేసుకునేవాళ్ళు. వాళ్ళ మరాఠీ మాటలతో మా అంగడి నిండిపోయేది. వాళ్ళు రావడం మానేశారు. వర్ని వైపు రైతులు చెరకు దున్నేసి వరి వేశారు. మిల్లు గేటు ఎదురుగా ఉన్న చాయ్ హోటల్ మూశారు. బట్టల దుకాణం మూశారు. గాలిలో చెరకు మడ్డి వాసన పోయింది. ఆ వాసన ఉన్నన్నాళ్ళు ముక్కు మూసుకుని తిట్టుకున్నాం, అది పోయాక తెలిసింది మేం తిన్నదంతా ఆ వాసనే అని.

బట్టీ దగ్గర నిలబడి మంట రంగు చూసి పిప్పి వేసే మనిషి నిజామాబాద్‌లో ఒక ఫంక్షన్ హాలు ముందర నిలబడ్డాడు. పెళ్ళిళ్ళకు వచ్చే కార్లకు చెయ్యి ఊపి, ఇటు పెట్టండి, అటు పెట్టండి అని చెప్పే పని. విజిల్ ఇచ్చారు మెడలో వేసుకోవడానికి. ఇంటికి వచ్చి ఆ విజిల్ మేకుకు తగిలించి, గురిగి వైపు చూసి ఊరుకునేవాడు. నేను బీడీలు చుడుతూనే ఉన్నాను. మిల్లు ఉన్నప్పుడు నా బీడీలు పై ఖర్చుకు. మిల్లు పోయాక అవే అన్నం.

అప్పుడు వచ్చాడు ఏజెంటు. నిజామాబాద్ బస్టాండు దగ్గర ఆఫీసు, తెల్ల చొక్కా, మాట మెత్తన. మా వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని, “యుద్ధం అయిపోయింది అక్కా, ఇగ ఆడ అంతా కట్టుడే,” అన్నాడు. “కూలిపోయినయన్నీ లేపుతున్నరు. రోడ్లు, బిల్డింగులు, మిల్లులు. చక్కెర మిల్లు మనుషులు కావాలె, పాత బాయిలర్ల మీద చెయ్యి తిరిగినోల్లు కావాలె. గసుంటోల్లు మన బోధన్‌ల గాక ఏడ దొరుకుతరు?”

“బాంబులు తమ్మీ?” అని అడిగాను.

“అయిపోయినయక్కా. మిషిన్లు పెట్టి జాగజాగ ఏరిండ్రు. ఏరిన కాడ తెల్ల రంగు ఏస్తరు, ఏరని కాడ ఎర్ర రంగు. తెల్ల రంగు మీద నడుస్తే మనింట్ల నడిసినట్టే.”

మా ఆయన నా వైపు చూడలేదు. ఏజెంటు వైపు చూసి, “బాయిలర్ ఎసుంటిది?” అని అడిగాడు. ఆ ఒక్క మాటతో నాకు తెలిసిపోయింది ఈయన ఆగడని. ఏమిస్తారు అని అడగలేదు, ఎన్నాళ్ళు అని అడగలేదు. ఆకలి మీదున్నవాడు కూర ఏందని అడిగినట్టు అడిగాడు.

ఆయన అక్కడ సంతోషంగా ఉన్నాడు. ఈ మాట చెప్పాలంటే నాకు ఒళ్ళు మండుతుంది, అయినా నిజం కనుక రాయి. ఇక్కడ విజిల్ మెడలో వేసుకుని సగం చచ్చిన మనిషి, అక్కడ ఫోన్లో గలగలా మాట్లాడేవాడు. ఊర్లో సగం ఇళ్ళకు పైకప్పులు లేవట. ఒక గోడ ఉంటే దానికే పరదా కట్టుకుని కాపురం చేస్తున్నారట. ఆ గోడలకే కొత్త రేకులు వేసి దుకాణాలు పెడుతున్నారట. మిల్లు గేటు దగ్గర ఒకామె రొట్టెలు కాల్చి అమ్ముతుందట, ఆమె మొగుడు యుద్ధంలో పోయాడట.

“నాకు రోజూ గరంగరం రొట్టె ఇస్తదే,” అన్నాడు. “మాటలు తెల్వయ్ ఒకలకొకలకు. పొగ గొట్టం సూపెట్టి, ఎప్పుడొస్తది పొగ అని సేత్తోని అడుగుతది. నేను గిట్ల ఏల్లు సూపెడుత. మిల్లు నడుస్తే గీ ఊరు బతుకుతదే. మనకు సాత కాలే, గీల్లకన్న సేద్దాం.”

ఆ రొట్టెలామె మీద నాకు కోపం లేదు. ఆమెకు నా కన్నా ఎక్కువ పోయి ఉండవచ్చు. ఆ ఊరు లేవాలి, ఆమె రొట్టెలు అమ్ముడుపోవాలి. నా కోపమంతా వేరే. వాళ్ళ మిల్లు మీద బాంబు పడితే, దాన్ని లేపడానికి దేశదేశాల నుంచి ఇంజనీర్లు వచ్చారు, మిషిన్లు వచ్చాయి, మా ఆయన వచ్చాడు. మా మిల్లు మీద ఏమీ పడలేదు, అందుకని ఎవరూ రాలేదు. మా మీద కూడా ఎవడన్నా ఒక బాంబు వేసి ఉంటే బాగుండేదేమో, అప్పుడన్నా కంటికి కనబడేవాళ్ళం అని నేను ఒకసారి బీడీ కార్ఖానాలో అంటే ఆడవాళ్ళు నా నోరు మూశారు. ఇప్పుడూ అంటాను. రాయి. కొట్టెయ్యకు ఆ మాటను.

ఆయన ఎట్లా చనిపోయాడో నాకు చెప్పినవాడు మోర్తాడ్ అనే ఊరి అతను. అక్కడ ఆయనతో ఒకే గదిలో ఉన్నవాడు, చిన్నవాడు, ఆయన్ని అన్నా అని పిలిచేవాడు. ఆయన సామాను సంచి పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఒక చెవి వినబడదు అతనికి ఇప్పుడు. నేను అడిగింది వినడానికి రెండో చెవి నా వైపు తిప్పి కూర్చున్నాడు.

మంట ముట్టించే రోజు పది గంటలకు పెద్దవాళ్ళు వస్తారు, బటన్ నొక్కుతారు, ఫొటోలు తీస్తారు అని కంపెనీ చెప్పిందట. పాత బూడిద తీయకుండా మంట ఎట్లా పెడతారని మా ఆయన ఫోర్‌మన్‌ను అడిగితే, అతనికి అర్థం కాక నవ్వాడట. ఆయన తెల్లవారగానే స్నానం చేసి, నెత్తికి తువ్వాల చుట్టి బట్టీ కిందికి పోయాడు. మోర్తాడ్ అతను పైన టార్చి పట్టుకుని నిలబడ్డాడు.

“అన్నా, పారతోని తీద్దాం. గుంతల ఏమున్నదో ఏమో,” అతను అన్నాడట. “వద్దురా, పార తగలొద్దు. సేతులతోనే తియ్యాలె. పోయినోల్ల బూడిదిరా ఇది, ఈ మిల్లుల పనిసేసినోల్లు ఎంతమంది సచ్చిండ్రో ఏమో, జర మర్యాద సేద్దాం” అన్నాడట మా ఆయన.

మిల్లు చుట్టూ అంతా తెల్ల రంగే. బట్టీ గోడ మీద కూడా తెల్ల రంగు వేశారట. ఏరినవాళ్ళు గోడలు చూశారు, నేల చూశారు. బట్టీ కింద బూడిద గుంతలోకి మాత్రం ఎవరూ దిగలేదు. ఎందుకు దిగుతారు? బూడిదలో చేతులు పెట్టేవాడు ఒకడు వస్తాడని వాళ్ళకేం తెలుసు? యుద్ధం విసిరేసి పోయినది ఏదో ఆ బూడిదలోనే పడుకుని ఉంది. మా ఆయన రెండు చేతులు పెట్టి ఎత్తాడు.

అంతే రాయి. ఆ తర్వాతది నాకు మోర్తాడ్ అతను చెప్పాడు. నేను నీకు చెప్పను.

పెట్టెలో వచ్చాడు. తెరవవద్దన్నారు, తెరవలేదు. ఎవరు ఉన్నారో, ఎంత ఉన్నారో నాకు తెలియదు. మిల్లు వాడ పాత పనివాళ్ళు పెట్టెను భుజాల మీద ఎత్తుకుని, శ్మశానానికి పోయే ముందు మిల్లు గేటు దగ్గర దించారు. పద్ధతి అది. సైరన్ మోగాల్సిన చోట అందరూ తలలు వంచుకుని నిలబడ్డారు. తాళానికి తుప్పు పట్టింది. లోపల పిచ్చి చెట్లు పొగ గొట్టం నడుము దాకా పెరిగాయి. ఒక మేక గోడ ఎక్కి మమ్మల్ని చూస్తూ నిలబడింది. ఎవరూ ఏమీ మోగించలేదు. మా మామకు దొరికిన ఆ కాస్త చప్పుడు కూడా మా ఆయనకు దొరకలేదు.

కంపెనీ ఒక్క మాట పంపింది, ఏజెంటు నోటి మీదుగా. “దిగుమని ఎవ్వలు సెప్పలేదక్కా. ఆయనంతల ఆయనే దిగిండు. రూలు ప్రకారం ఆయనదే తప్పయితది.”

ఆయన తప్పట! ఏరకుండానే తెల్ల రంగు పూసిన చేతులది కాదు, చూడకుండానే తేదీ పెట్టిన పెద్దవాళ్ళది కాదు. బూడిదకు మర్యాద ఇచ్చినవాడిది తప్పు.

మా ఆడిబిడ్డ ఇంకో మాట అన్నది. పదిమందిలో కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అన్నది. “మా వదినె బూడిద తెమ్మని అడగకపోతే మా అన్న దిగకపోతుండె.”

“ఏమన్నవ్? మల్ల అను,” అన్నాను.

“ఉన్నదే అంటున్న.”

“ఉన్నది గాదు. నేను అడగకున్నా దిగుతడు. మీ బాపు దిగిండు, మీ అన్న దిగిండు. నా పెండ్లి గాకముందు సుత ఆ గుంత ఉన్నది, మీ ఇంట్ల గురిగి ఉన్నది. నేను అడిగింది పిడికెడు బూడిద. బాంబు అడగలే. మల్ల గా మాట ఎత్తినవంటే మా గడప తొక్కకు.”

ఇప్పటికీ అదే అంటాను. ఆ తప్పు నా మీదికి తోసుకోను. ఎవరి తప్పును వాళ్ళు మోయడం మానేసి, ఇంట్లో ఉన్న ఆడదాని నెత్తిన పెట్టడం ఎంత సులువో నేను చూశాను.

ఏడాది తిరిగాక ఏజెంటు మళ్ళీ వచ్చాడు. ఈసారి చేతిలో స్వీటు డబ్బా, ఒక చక్కెర పొట్లం. ఆ మిల్లులో తయారైన చక్కెరట. “మిల్లు మస్తు నడుస్తున్నదక్కా. ఊరు ఊరే మారిపోయింది. అంగల్లు, బండ్లు, పిల్లలకు బడులు. కోలుకున్నరక్కా మొత్తానికి,” అని ఫోను తీసి చూపించాడు. పొగ గొట్టం నుంచి పొగ. లారీల వరుస. ఉన్నట్టుండి ఫోన్లో సైరన్ మోగింది.

మోగగానే వాడ కదిలింది. నేను అబద్ధం చెప్పడం లేదు. పక్కింటి ముసలాయన, మిల్లులో చెరకు తూకం వేసినాయన, కట్టె పట్టుకుని వచ్చేశాడు. ఎదురింటి నుంచి ఇద్దరు వచ్చారు. “ఇంకోసారి పెట్టు,” “ఇంకోసారి పెట్టు కొడుకా” అని ఏజెంటు చుట్టూ మూగారు. “గదే సైరన్‌రా! అచ్చం మనదే!” అని ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. మా ఆయన పెట్టె గేటు ముందర దిగిన రోజు మోగాల్సింది, పరాయి దేశపు మిల్లుదై, నా వాకిట్లో, ఆ తెల్లచొక్కా వాడి చేతిలో నుంచి మోగుతోంది. నాకు ఆ ఫోను లాక్కుని బావిలో పడెయ్యాలనిపించింది.

అందరూ మెత్తబడ్డాక ఏజెంటు అసలు మాట అన్నాడు. నా కొడుకు వైపు తిరిగి, “మీ బాపు జాగ ఇంక ఖాళీగనే ఉన్నది తమ్మీ. వేరేటోల్లకు ఇయ్యలే. నీకే పెట్టిండ్రు. ఆల్లకు సుత మన పద్ధతి తెలుసు,” అన్నాడు.

ఇది విన్నారా? ఆయన జాగా ఖాళీగా ఉంచారట. ఏడాదిగా మిల్లు నడుస్తుంటే ఆ బట్టీ దగ్గర ఎవరూ లేరా? గాలి వేస్తోందా పిప్పి? మా పద్ధతి వాడికి తెలుసు, మా వాడికే దాన్ని అమ్మాడు. తండ్రి జాగా అంటే మిల్లు బిడ్డలు కాదనలేరని వాడికి తెలుసు. చావు జరిగిన చోటు అంటే ఎవరు పోతారు? జాగా అంటే పోతారు.

ముసలాయన వీడి భుజం తట్టాడు. “బాపు జాగరా బిడ్డా. వచ్చిన జాగ ఇడవొద్దు.” ఆడిబిడ్డ నా గడపలోకి రావద్దన్నాను కనుక గడప అవతల నుంచే, “మా బాపు జాగల మా అన్న, మా అన్న జాగల నీ కొడుకు. పద్ధతి గదే గదా వదినె,” అన్నది. ఆ రోజు వీడి ముఖం చూశాను. ఏజెంటును బాయిలర్ ఎసుంటిది అని అడిగిన రోజు వాళ్ళ బాపు ముఖం అదే.

నేను పోవద్దన్నాను. అరిచాను, అన్నం మానేశాను. అప్పుడు వీడు వేరే ఊరు అన్నాడు, ఫిట్టర్ అన్నాడు. ఇక్కడ ఏమున్నదని అడిగాడు. నిజమే, ఇక్కడ ఏమున్నది? ఐటీఐ చదివి నిజామాబాద్‌లో సెల్‌ఫోన్ల దుకాణంలో గాజు పలకలు అతికిస్తున్నాడు. అదే ఫంక్షన్ హాలు ముందర వీడికి కూడా ఒక విజిల్ దొరకవచ్చు. ఉండు అని చెప్పడానికి నా చేతిలో ఒక మిల్లు లేదు. ఉండి ఉంటే వీడి ముందర పరిచి, ఇదిగో, దీని మీద నిలబడు అనేదాన్ని. అది కూడా నా కోపమే. బిడ్డను ఆపుకోవడానికి తల్లికి ఏమీ మిగల్చని ఊరు ఇది.

అందుకే వేరే ఊరు అంటే ఒప్పుకున్నాను. ఫిట్టర్ అంటే ఒప్పుకున్నాను. మామిడికాయ పచ్చడి పెట్టాను. ఇవాళ పొద్దున ఆ పచ్చడి డబ్బా పట్టుకునే వాడి బ్యాగులో చెయ్యి పెట్టాను.

గురిగి తీసి ముందర పెట్టి, “ఇదేంది?” అన్నాను.

వాడు గోడ వైపు చూశాడు. “ఊకెనే అవ్వా. బాపు గుర్తుకు.”

“గుర్తుకు అంగి తీస్కపో. గడియారం తీస్కపో. బూడిదెందుకు?”

వాడు గురిగి దగ్గర కూర్చున్నాడు. “బాపు ఆ పొద్దు తియ్యలేదు గదా అవ్వా. మొదలు పెట్టిండు, ఆఖరుదాక ఒడువలే. ఈ సీజన్ ముట్టిచ్చేటప్పుడు మన బూడిద ఆ బట్టీకి పెడ్త. గంతే. గుంతల దిగ. ఒట్టు.”

“మీ బాపుకు సుత దిగుమని ఎవ్వలు సెప్పలేదురా.”

“ఇప్పుడు ఏమి లేదు అవ్వా ఆడ. అన్నీ ఏరిండ్రు.”

“తెల్ల రంగు ఏసిండ్రా?”

వాడు వంగి బ్యాగు జిప్పు లాగాడు. అప్పుడు పెన్ను చేతికి ఇచ్చాను.

బిడ్డా, నువ్వు రాస్తూ రాస్తూ మూడు చోట్ల ఆగావు. నాకు చదువు రాకపోవచ్చు కానీ పెన్ను చప్పుడు తెలుసు. నీ బాపు బాయిలర్ ఎట్లాంటిది అని అడిగిన చోట ఆగావు. మిల్లు గేటు ముందర పెట్టె దించిన చోట ఆగావు. నేను నీకు చెప్పనన్న చోట అసలు కదలలేదు, ముక్కు చీదుకున్నావు. ఏజెంటు మాట రాసేటప్పుడు మాత్రం గబగబా రాశావు. జాగా అన్న మాట నీకు ఇంకా తియ్యగానే ఉంది.

నేను నిన్ను కట్టేయలేను. నీ కాళ్ళు పట్టుకోను కూడా. గురిగి మాత్రం ఇవ్వను, అది నాది. మీ బాపు నాకు తెచ్చింది, ఆ మిల్లుకు కాదు. ఆ బట్టీకి మా బూడిద ఒకసారి పెట్టేశాం. దానికి ఇంక మేం ఏమీ బాకీ లేము, అదే మాకు ఒక మనిషి బాకీ.

ఇప్పుడు కాగితాలు వరుసగా పెట్టు. మొదటి నుంచి నాకు చదివి వినిపించు. మీ బాపు మాటలు మీ బాపు అన్నట్టే చదువు, నీ గొంతు కూడా ఆయనదే కనుక సరిపోతుంది. గుంతలో చేతులు పెట్టిన చోటు కూడా చదవాలి, దాటెయ్యకూడదు. నాకు అక్షరాలు రాకపోయినా నేను చెప్పిన మాటలన్నీ గుర్తున్నాయి, ఒక్కటి మింగినా దొరికిపోతావు. ఒక్క చోట కూడా ఆగకుండా చివరి దాకా చదివితే రేపు పొద్దున నీ బ్యాగు నేనే బస్టాండు దాకా మోసుకొస్తాను. ఆగితే మాత్రం బ్యాగు విప్పు.

కానియ్యి. “బూడిద తెస్తవా” అన్న కాడి నుంచి. గట్టిగా చదువు.